సౌండ్ రావద్దన్నాను

సూర్యాపేటలో మొట్టమొదట ఇంట్లో థియేటర్ పెట్టింది నేనే. ఈ మాట చాలామందికి చెప్పాను, ఎవరూ కాదనలేదు. అవునని కూడా ఎవరూ అనలేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి జర సరిచేసుకోవాలి. మొట్టమొదటిది కాదు, మా బజారులోనే నాకంటే ముందు ఇద్దరికి ఉంది. థియేటర్ అనడానికి కూడా లేదు. ఒక కంప్యూటరు, రెండు చిన్న స్పీకర్లు, మా పాత టీవీ, అంతే. ప్రేక్షకురాలు ఒక్కతే. ఆ ఒక్కతిని కుర్చీలో కూర్చోబెట్టడానికి మిర్యాలగూడకు, కోదాడకు కలిపి పది పన్నెండు సార్లు తిరిగాను. పది పన్నెండు అన్నది కూడా ఎక్కువే. ఐదుసార్లు.

నేను న్యాయశాఖలో ముప్ఫై మూడేళ్లు పనిచేశాను. మిర్యాలగూడ కోర్టులో నేను నోరు తెరిస్తే వకీళ్లు, పోలీసులు, కక్షిదారులు అందరూ లేచి నిలబడేవారు. ఇందులో అబద్ధం లేదు. నేను నోరు తెరిచేది "సైలెన్స్" అనడానికి. వాళ్లు లేచేది నా వెనకాల వస్తున్న జడ్జిగారికి. మిగతా వేళంతా తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచేవాణ్ణి. ఒక్కొక్క పేరు మూడుసార్లు. నా గొంతు బస్టాండు దాకా వినపడేదని అనేవారు. అనేవారంటే, నేనే అనేవాణ్ణి.

ఇంత గొంతున్న మనిషి మాట ఇంట్లో చెల్లకుండా పోయింది. రెండువేల తొమ్మిది ప్రాంతంలో మా ఇంటామెకు చెవులు తగ్గడం మొదలైంది. ఆమెది నిడమనూరు దగ్గర గొర్లు కాచిన ఇల్లు. చిన్నప్పుడు మందలో ఏ గొర్రె దగ్గిందో ఇంట్లో పడుకొనే చెప్పేదట. అలాంటి మనిషి కుక్కర్ కూత వినక రెండుసార్లు పప్పు మాడ్చింది. ఫోను మోగితే నా దిక్కు చూడడం మొదలుపెట్టింది. చుట్టాల పెండ్లికి పోతే అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వేది, ఒక గడియ ఆలస్యంగా. ఆ తర్వాత పెండ్లిళ్లకు పోవడం మానేసింది. అడిగితే కీళ్లనొప్పులు అనేది. ఆమెకు కీళ్లనొప్పులు లేవు.

సూర్యాపేటలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకపోయాను. ఆయన పరీక్ష చేసి చెవి మిషన్ ఇచ్చాడు. ఆమె వారం రోజులు పెట్టుకొని టీవీ కింద డ్రాయరులో వేసింది.

"ఎందుకే తీసినవ్?"

"ఈగలు."

"ఈగలా?"

"చెవుల ఈగలు జుయ్ మంటున్నయి. ఫ్యాన్ తిరిగితే ఈగలు, ఫ్రిజ్ మోగితే ఈగలు. మనిషి మాటొక్కటే వస్తలేదు. నాకొద్దు పో."

డాక్టరుకు ఈ ఈగల సంగతి చెప్పాను. ఆయన కొత్త సంగతేమీ కాదన్నట్టు తలూపాడు.

"మిషన్ కు మాట, చప్పుడు తేడా తెల్వదు పెద్దాయనా. రెంటినీ పెంచుతది. తేడా పట్టేది లోపలి మెదడు. రెండేండ్లు మాటలు పోకపోయేసరికి అది మర్చిపోతున్నది. రోజూ ఒక గంట కూసోబెట్టు. చప్పుడు లేని అర్రల, సాఫుగ ఉండే మాటలు, నిమ్మళంగ వినిపియ్యి. మూడు నెలలైనంక తీస్కరా. అప్పటికి గూడ మిషన్ డ్రాయర్లనే ఉంటే, ఇగ ఆమెకు మాటలు పోయినట్టే అనుకో."

మూడు నెలలు. కోర్టులో మూడు నెలలంటే ఒక వాయిదా. ఇంట్లో అది చాలా తక్కువని అప్పుడే తెలిసింది.

ఇక్కడ ఇంకొకటి ఒప్పుకోవాలి. ఆమెకు వినపడకపోవడం వల్ల నాకు కొంత సౌకర్యం కుదిరింది. రోజూ ఏడింటికి ఆమె ఒక సీరియల్ చూసేది. బొమ్మ చూస్తూ, "ఏమంటున్నదయ్యా ఆమె?" అని నన్ను అడిగేది. మొదట్లో ఉన్నదున్నట్టు చెప్పాను. కానీ నేను పేపరు చదువుకుంటూ చెప్పాలి కదా. ఒకరోజు ఒక మాట తప్పింది, తోచింది చెప్పాను. ఆమె "అట్లనా" అంది. ఇగ మొదలైంది. సీరియల్లో పెద్దకోడలు పాలల్లో విషం కలిపితే, నేను బెల్లం కలిపిందని చెప్పాను. డ్రైవరును పెండ్లికొడుకు తండ్రిని చేశాను. వాళ్ల ఆస్తి తగాదా కోర్టుకెక్కినప్పుడు జడ్జి తీర్పు చెబితే, అసలు కాగితం దొరకబట్టింది కోర్టు అటెండరేనని, అతను లేకుంటే ఆ కుటుంబం బజారున పడేదని చెప్పాను. ఆ అటెండరు మీద మా ఇంటామెకు చాలా గౌరవం ఏర్పడింది. ఏడాదిన్నర పాటు ఆమె చూసిన సీరియల్ వేరు, ప్రపంచం చూసిన సీరియల్ వేరు.

ఆ రోజుల్లోనే పేపరులో వారానికొకసారి వచ్చే కంప్యూటర్ పేజీలో ఒక వ్యాసం పడింది. తక్కువ ఖర్చులో ఇంటికి థియేటర్ కంప్యూటర్ ఎట్లా కూర్చుకోవాలో అందులో ఉంది. టీవీ కార్డు అనే ఒక పలక పెడితే కేబుల్లో వచ్చే సీరియల్ని కంప్యూటర్లో దాచుకోవచ్చట. ఆపుకోవచ్చట, వెనక్కి తిప్పుకోవచ్చట. గొంతు మారకుండా మాటల్ని నెమ్మది చేసుకోవచ్చట. ఆ చివరి మాట దగ్గర నేను కండ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చదివాను. కంప్యూటర్ విద్య మీద ఆరునెలలు పరిశోధన చేశానని తర్వాత అందరికీ చెప్పాను. ఆ కాగితం ముక్కను కత్తిరించి జేబులో పెట్టుకున్నాను, అదే పరిశోధన.

సూర్యాపేటలో కంప్యూటర్ దుకాణాలు లేవా అంటే ఉన్నాయి. కానీ ఇక్కడ నన్నెవరూ ఎరగరు. మిర్యాలగూడలో అయితే నా గొంతన్నా ఎరిగినవాళ్లు ఉంటారు. అక్కడ రైల్వే స్టేషన్ దారిలో ఒకాయన కంప్యూటర్లు కూర్చి అమ్మేవాడు. నడివయసు మనిషి. ఒకప్పుడు ఏదో కేసులో సాక్షిగా వస్తే నేనే మూడుసార్లు పేరు పిలిచాను.

"ఏం సార్, ఇటు దిక్కు? మళ్ల ఎవల్నన్న పిలువొచ్చినవా?"

"కంప్యూటర్ కావాలె. పెద్దది వద్దు. టీవీ కార్డు పెట్టాలె. ఖర్చు తక్కువుండాలె. ముఖ్యమైనది మాత్రం ఒక్కటే."

"చెప్పు సార్."

ఇక్కడే నా చదువు అడ్డమొచ్చింది. నేను అడగాల్సింది చప్పుడు గురించి. చప్పుడు చేయని ఫ్యాన్, చప్పుడు చేయని డబ్బా కావాలని. కానీ కంప్యూటర్ల దుకాణంలో, అద్దాల బల్ల ముందర నిలబడి, చప్పుడు అనే మాట నాకు మోటుగా తోచింది. శాఖలో పనిచేసిన మనిషిని. కాబట్టి ఇంగ్లీషులో అన్నాను.

"సౌండ్ అస్సలు రావద్దు."

"అస్సలు?"

"చీమ చిటుక్కుమన్నంత గూడ రావద్దు."

ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "సమజైంది సార్. మన దగ్గర ఎక్కువ గదే నడుస్తది. నాలుగు దినాలు ఆగి రా."

ఎంత తెలివైనవాడు అనుకున్నాను. నాలుగు రోజులకు పోయి పెట్టె తెచ్చాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన గరిడేపల్లి రైతు ఒకాయన ఏముందందులో అని అడిగితే కోర్టు రికార్డులని చెప్పాను. ఆయన కొంచెం దూరంగా జరిగాడు.

ఇంటికొచ్చి టీవీకి తీగలు తగిలించి, ఆమెను పిలిచి, డ్రాయరులోంచి చెవి మిషన్ తీసి ఇచ్చాను. "ఈసారి ఈగలుండవు. నా మాట నమ్ము" అన్నాను. ఆమె కుర్చీలో కూర్చొని మిషన్ పెట్టుకుంది. మధ్యాహ్నం మూడు గంటలు, బజారు నిమ్మళంగా ఉంది. స్విచ్ వేశాను. పెట్టెలోని ఫ్యాన్ ఒక్కసారిగా లేచింది. వడ్లమిల్లు గుమ్మంలో కూర్చున్నట్టు అయింది. తెర మీద బొమ్మ వచ్చింది. మనుషులు నోళ్లు తెరుస్తున్నారు, మూస్తున్నారు. మాట లేదు. స్పీకర్ల తీగలు తీసి పెట్టాను, పెట్టి తీశాను. ఏమీ లేదు.

ఆమె చాలాసేపు తెర చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అయిపోయింది" అంది.

"ఏంది?"

"నా చెవులు. మిల్లు మోగినట్టు ఇనొస్తున్నది గని మాట అసలుకే లేదు. మొన్నటిదాంక జరంతన్న ఉండె."

"నీకే కాదే, నాక్కూడ ఇనొస్తలేదు!"

ఆమె నా మొహం చూసి, నిమ్మళంగా మిషన్ తీసి, డబ్బీలో పెట్టి మూత వేసింది. "నా కోసం ఎందుకయ్యా అబద్ధాలు" అని లేచి వంటింట్లోకి పోయింది.

నేను ఆ నెలలో చెప్పిన ఒకే ఒక్క నిజం అది. నమ్మలేదు.

మర్నాడు పొద్దుటి బస్సుకే పెట్టె నెత్తిన పెట్టుకొని మిర్యాలగూడ పోయాను. దుకాణమాయన టీ తాగుతున్నాడు.

"సౌండ్ వస్తలేదేందయ్యా!"

"రావద్దంటివి గద సార్."

"నేనన్నది ఫ్యాన్ సౌండ్! మనుషుల సౌండ్ కాదు!"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. అప్పుడు సంగతి బయటపడింది. మిర్యాలగూడలో ఆయన కంప్యూటర్లు ఎక్కువగా కొనేది రైస్ మిల్లుల వాళ్లు. మిల్లు ఆఫీసులో గుమాస్తాలు లెక్కలు వదిలి పాటలు వింటారని, సినిమాలు చూస్తారని ఓనర్ల పరేషాన్. అందుకని ప్రతి ఓనరూ వచ్చి చెప్పే మాట ఒక్కటే: సౌండ్ రావద్దు. ఆయన లోపల సౌండ్ బందు చేసి, దానికి పాస్‌వర్డ్ పెట్టి ఇస్తాడు. నాక్కూడా అదే మర్యాద చేశాడు.

"మరి తియ్యి."

"ఓనర్ చెప్పాలె సార్."

"ఓనర్ ను నేనే!"

"అందరు గుమాస్తాలు గట్లనే అంటరు సార్." అలవాటుగా అనేసి, నాలుక కరుచుకొని, నవ్వి, పెట్టె తెరిచాడు. ఐదు నిమిషాల్లో సౌండ్ వచ్చింది. ఫ్యాన్ మోత మాత్రం తగ్గలేదు. దాని సంగతేందని అడిగాను.

"మిల్లుల ఆ మోత ఎవలికి ఇనొస్తది సార్? నా దగ్గర దొరికేవి గివే. చప్పుడు లేని డబ్బా గావాలంటే కోదాడ పో. ఆడ ఒకామె ఉన్నది, పెండ్లి వీడియోలు కూర్చుతది. ఆమె మిషన్లు మోగవు. మోగితే ఆమె పని నడవదు."

చప్పుడు అన్నాడు. ఆ ముక్క నేను మొదటే అని ఉంటే ఐదు రోజులు, రెండు బస్సు ప్రయాణాలు, ఒక నిజం మిగిలేవి.

కోదాడ దుకాణం బస్టాండుకు కొంచెం అవతల, మేడమీద ఉంది. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. గోడకు మెత్తటి గోనెగుడ్డలు కొట్టించింది, వాటి మధ్య నాలుగు కంప్యూటర్లు నడుస్తున్నాయి. నేను లోపలికి పోయి నిలబడ్డాక కూడా అవి నడుస్తున్నాయని తెలియలేదు. కోదాడలో మాట కొంచెం అటువైపు వాలుతుంది, ఆంధ్రా దగ్గర కదా. ఆమెది పూర్తిగా అటే.

"కూర్చోండి సార్. ఏ డిపార్టుమెంటులో చేశారు మీరు?"

"జ్యుడీషియల్."

"జడ్జి గారా!"

నేను కాదనలేదు. అవుననలేదు. తలను ఒకవైపు వంచాను, ఎటంటే అటు అనుకునేట్టు.

ఆమె పెట్టె మూత తీసి లోపలికి చూసింది. వెంటనే ఏదో ఒకటి అమ్మజూపుతుందనుకున్నాను. అమ్మలేదు, అడగడం మొదలుపెట్టింది. ఎవరు చూస్తారు, ఎంత గది, టీవీకి కుర్చీకి ఎంత దూరం, కరెంటు పోతే ఇన్వర్టరు ఉందా. మా ఇంటామె సంగతి, ఈగల సంగతి చెప్పాను. మిర్యాలగూడ సంగతి కూడా చెప్పక తప్పలేదు. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, ఇంకొక ప్రశ్న అడిగింది.

"చప్పుడు కాకూడదా, సౌండ్ బాగా రావాలా? రెండిటికీ వేరు వేరు సామానండి. చప్పుడు లోపలి సంగతి, సౌండ్ బయటి సంగతి. మీకు రెండూ కావాలి, డబ్బులు మాత్రం ఒకదానికే ఉన్నాయి. అంతేనా?"

"అంతే."

"అయితే పారేసేది తక్కువగా చూద్దాం."

జేబులోంచి పేపరు ముక్క తీసి ఇచ్చాను. ఐదు స్పీకర్లు, ఒక పెద్ద ఊఫర్, ఆటలు ఆడే గ్రాఫిక్స్ కార్డు, ఇంకేవేవో ఉన్నాయి అందులో. ఆమె చదివి పెన్నుతో ఒక్కొక్కటీ కొట్టేసింది. "గ్రాఫిక్స్ కార్డు మీకెందుకండి? బోర్డు మీద ఉన్నదే సీరియల్‌కి ఎక్కువ. పైగా దానికో ఫ్యాన్, ఆ ఫ్యాన్‌కో చప్పుడు. ఊఫర్ వద్దే వద్దు. బూం బూం అంటుంటే మాటలు ములిగిపోతాయి. చెవి తక్కువ మనిషికి బూం కాదండి కావలసింది, 'స'కీ 'ష'కీ తేడా కావాలి. ఐదు స్పీకర్లు పెడితే ఆవిడ ఏ వైపు వినాలి పాపం? రెండు చాలు. చిన్నవి, మంచివి. టీవీకి అటొకటి ఇటొకటి, ఆవిడ చెవి ఎత్తులో."

నా హోం థియేటర్ నా కళ్లముందే రెండు స్పీకర్లకు దిగిపోయింది.

మెమరీ, హార్డ్ డిస్కు, టీవీ కార్డు, డబ్బా పాతవే ఉంచింది. బోర్డు మార్చింది. దానికే అతికి ఉండే చిన్న ప్రాసెసర్ రకం. ఎక్కువ పని చేయదు, కానీ వేడెక్కదు, దాని నెత్తిన ఫ్యాన్ అక్కర్లేదు. కరెంటు తక్కువ తింటుంది కాబట్టి సాయంత్రం కరెంటు కోతలో కూడా ఇన్వర్టరు మీద నడిచి సీరియల్ కంప్యూటర్లోకి ఎక్కుతూనే ఉంటుందని చెప్పింది. డబ్బాతో పాటు ఊరికే వచ్చిన పవర్ సప్లైని బయటికి తీసి, చెవి దగ్గర పెట్టుకొని ఊపి, పక్కన పడేసింది. "డబ్బంతా ఇక్కడ పెట్టండి. అందరూ ప్రాసెసర్‌కి పెట్టి దీన్ని ఊరికే వచ్చిందే కదా అని ఉంచేస్తారు. అరిచేది ఇదేనండి."

ఒక ఫ్యాన్ చాలంది. అరచేయి కంటే పెద్దది. ఫ్యాన్ పెద్దదైతే చప్పుడు కూడా పెద్దది కాదా అని అడిగాను.

"చిన్న ఫ్యాన్ గాలి చాలక పరుగెత్తుతుందండి, పరుగెత్తేదే అరుస్తుంది. పెద్దది నింపాదిగా తిరిగినా అదే గాలి. ఇంట్లో చూడలేదూ? పెద్దరికం ఉన్నవాళ్లు అరవక్కర్లేదు."

ముప్ఫై మూడేళ్లు అరిచినవాణ్ణి.

హార్డ్ డిస్కు గరగర మాత్రం మిగిలింది. దానికామె ఒక పాత హవాయి చెప్పు తీసి, కత్తెరతో నాలుగు బిళ్లలు కోసి, మరలకు మధ్యన పెట్టి బిగించింది. గరగర ఆగిపోయింది. ఏ చెప్పు అని అడగబోయి ఊరుకున్నాను. కొత్తదైతే బిల్లులో వస్తుందేమో.

మూడోరోజు సామాను తీసుకోవడానికి పోతే, కంప్యూటర్ పక్కనే ఒక కాగితాల కట్ట ఉంది.

"సార్, ఒక్కసారి చూసి చెప్పండి. మా నాన్నగారి పొలం గట్టు కేసు. ఆరేళ్లుగా నడుస్తోంది. మీరైతే తీర్పు ఎటు చెబుతారు?"

కట్ట విప్పాను. రెండు పేజీలు తిప్పాను. మూడో పేజీలో పేర్లున్నాయి. నాకు తెలిసింది ఆ పేర్లను ఎంత గట్టిగా పిలవాలన్నది మాత్రమే. ఒక మనిషి మా ఇంటామె చెవుల కోసం చెప్పు కోసి ఇచ్చింది. ఆమె పొలం గట్టు మీద నేను అబద్ధం చెప్పలేకపోయాను. చెబుదామనే అనుకున్నాను, మాటలు దొరకలేదు.

"అమ్మా, నేను తీర్పులు చెప్పలేదు. పేర్లు పిలిచిన. తలుపు కాడ."

ఆమె కట్ట తిరిగి కట్టుకుంది. "నాకు మొన్నే తెలుసు బాబాయ్. జడ్జి గారు కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని ఆర్డినరీ బస్సులో వస్తారా? ఎప్పుడు చెబుతారో చూద్దామని పెట్టా." ఆ క్షణం నుంచి నేను సార్ కాదు, బాబాయిని. బిల్లులో ఏ మార్పూ లేదు.

ఇంటికొచ్చేసరికి మూడు నెలల్లో నెలన్నర అయిపోయింది. మా ఇంటామె కుర్చీలో కూర్చోనంది. మూడు రోజులు బతిమిలాడాను. నాలుగో రోజు, "నువ్వు చూడకుంటే నేనే చూస్కుంట తియ్" అని ముందురోజు ఎక్కించిన సీరియల్ పెట్టుకొని, ఎదురుగా కూర్చొని పెద్దగా నవ్వాను. ఆ రోజు కథలో నవ్వడానికి ఏమీ లేదు, ఎవరో చచ్చిపోతున్నారు. ఆమె తెర చూసింది, నన్ను చూసింది, డ్రాయరు లాగింది.

మిషన్ పెట్టుకొని కాసేపు తల వంచి కూర్చుంది. ఈగల కోసం చూస్తున్నదని తెలుసు. పెట్టె మోగడం లేదు. సీలింగు ఫ్యాన్ నేను ముందే ఆపేశాను. చెమట కారుతున్నది. మాటల వేగం తగ్గించాను. తెర మీద అత్తగారు ఒక్కొక్క మాటను విరిచి విరిచి పెడుతున్నది.

"మళ్ల పెట్టు" అంది ఆమె.

పెట్టాను.

"విషం అంటున్నదా ఆమె?"

నాకు అప్పటిదాకా తోచనే లేదు. ఐదు ప్రయాణాలు, రెండు పట్నాలు, నాలుగు రబ్బరు బిళ్లలు, ఇంత చేసి నేను కూర్చుకున్నది నా మీదికి సాక్ష్యం.

"విషమా? అనుంటది."

"పెద్దకోడలు పాలల్ల కలిపింది బెల్లమంటివి?"

"అప్పుడు బెల్లమే..."

"మళ్ల పెట్టు." పెట్టాను. "ఈయన డ్రైవరా?"

"డ్రైవరే."

"పెండ్లిపిలగాని తండ్రంటివి గదయ్యా! పెండ్లిపిలగాని తండ్రి కారెందుకు కడుగుతున్నడంటే, మంచి గుణమంటివి!"

మరుసటి రోజు ఇంకొకటి, ఆ మరుసటి రోజు ఇంకొకటి. ఆమె ఒక గంట అనుకున్నది రెండు గంటలు కూర్చుంది. సీరియల్ కోసం కాదు, నా లెక్క తేల్చడానికి. నాలుగో రోజు అడిగింది.

"ఆ కోర్టు అటెండరు మళ్ల వస్తలేడేంది?"

"ఆయన..." అన్నాను. "ఆయన లేడు."

"సచ్చిపోయిండా?"

"మొదటిసందే లేడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తున్నదనుకొని దగ్గరికి పోయాను. నవ్వుతున్నది. ఏడాదిన్నర పాటు నెత్తిన పెట్టుకున్న మనిషిని ఒక్క గడియలో దించేసి, కండ్లు తుడుచుకొని అంది: "ఆయన కోసం నేను మొక్కుకున్న తెల్సా? ఆయన బిడ్డ పెండ్లి గావాల్నని."

ఆయనకు బిడ్డను కూడా నేనే ఇచ్చాను. అది మర్చిపోయాను.

ఆ రోజు నుంచి ఆమె మిషన్ తీయలేదు. సీరియల్ అయిపోయాక కూడా తీయలేదు. పాలాయనతో నేనేం మాట్లాడుతున్నానో వినడానికి తలుపు దగ్గరికి వచ్చేది. ఫోను మోగితే నాకంటే ముందు ఎత్తేది. ఎత్తి, "ఏమన్నడు మా ఆయన నీతోని?" అని అడిగేది. నిడమనూరు నుంచి వాళ్ల చెల్లె ఫోను చేస్తే గంటసేపు మాట్లాడింది. మాట మాటకూ "ఆఁ, మళ్ల జెప్పు" అంటూనే ఉంది, కానీ పెట్టేయలేదు. సీలింగు ఫ్యాన్ కూడా వేసుకోవచ్చంది. ఈగలు రావడం లేదా అంటే, "వస్తున్నయి. నీ మాటలు పట్టుకునుడుల వాటిని పట్టిచ్చుకుంటలేను" అంది.

మూడు నెలలు నిండాయి, డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన ఆమెను గోడకు మొహం పెట్టి కూర్చోబెట్టాడు, పెదాలు చూసి చెప్పకుండా. వెనక నిలబడి ఒక్కొక్క మాట అన్నాడు. పాలు. మేక. సంత. బండి. ఆమె ఒక్కొక్కటి తిరిగి చెబుతున్నది. 'గది' అంటే 'గడి' అంది. 'కొడవలి' అంటే కొంచెం ఆగి, "ఇనపడలే సారూ, ఇంకొక్కసారి అనుండ్రి" అంది. మళ్లీ అన్నాడు. కొడవలి అంది.

డాక్టరు ఏదో రాసుకున్నాడు. ఆమె ఇంకా గోడవైపే తిరిగి ఉంది. ఆయన నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"మంచిగున్నది పెద్దాయనా. ఇంత తక్కువ దినాలల్ల గిట్ల ఎవలకు రాలే. పొద్దంత పెట్టుకుంటున్నదా? ఎట్ల ఒప్పించినవ్?"

నేను కూడా గొంతు తగ్గించాను. ముప్ఫై మూడేళ్లలో ఎన్నడూ అంత తగ్గించలేదు.

"ఓపిక గావాలె సార్. ఆరునెలలు కంప్యూటర్ మీద పరిశోధన చేసిన. రోజూ పక్కన గూసోని, ఒక్కొక్క మాట ప్రేమతోని..."

"అబద్ధం" అంది ఆమె, గోడవైపు చూస్తూనే.

డాక్టరు కలం ఆగిపోయింది. "ఏమన్నడమ్మా మీ ఆయన? చెప్పు."

"ఆరునెలలు పరిశోధన జేసిండట. ప్రేమతోనట." ఇటు తిరగకుండానే చీర కుచ్చెళ్లు సర్దుకుంది. "పేపర్ల ఒక ముక్క కత్తిరిచ్చిండు సారూ. గంతే."